కారణం కనబడని చోట దేవత

గోడ మీంచి పడి తల పగిలినవాడినీ, దెబ్బేమీ తగలకుండానే జ్వరంతో వణికిపోయేవాడినీ ప్రాచీన ఈజిప్టు వైద్యుడు ఒకే తీరున చూడలేదు. మొదటివాడి బాధకు కారణం కళ్లెదుటే ఉంది. రెండోవాడి బాధకు కారణం ఎంత వెతికినా కనబడదు. ఆ దేశంలో వైద్యం ఎక్కడ ఆగిందో, మంత్రం ఎక్కడ మొదలైందో గ్రహించడానికి ఈ తేడా చాలు.

పురావస్తువుల వ్యాపారి ఎడ్విన్ స్మిత్ 1862లో ఈజిప్టులోని లక్సర్‌లో కొన్న పపైరస్ చుట్టనే తీసుకుందాం. క్రీ.పూ. 1600 ప్రాంతంలో రాసిన ప్రతి అది. అందులో 48 కేసులున్నాయి. చాలావరకు గాయాలే, తల నుంచి కిందికి వరుసగా. వైద్యుడు వేలితో గాయాన్ని తడిమి చూస్తాడు. తర్వాత తీర్పు చెబుతాడు: నయం చేయగలను, పోరాడి చూస్తాను, చేయగలిగింది లేదు. ఓడిపోతానని ముందే ఒప్పుకున్న ఆ మూడో మాట దగ్గర నేను తల వంచుతాను. ఈ 48 కేసుల్లో మంత్రం కనిపించేది ఒక్కచోటే. అదే చుట్టను వెనక్కి తిప్పండి. అక్కడ ఏటేటా వచ్చే అంటురోగాలను తరిమే మంత్రాలున్నాయి. ఆ రోగాలను పంపేది సింహముఖి దేవత సెఖ్మెత్. తగ్గించేదీ ఆవిడే.

ఎనిమిదో కేసు ఇంకా ఆలోచింపజేస్తుంది. పుర్రె లోపల చితికింది, పైన చర్మం చెక్కుచెదరలేదు. గాయం కంటికి కనబడని ఈ చోట, ఆ శస్త్రవైద్య గ్రంథమే ‘బయటి నుంచి లోపలికి వచ్చినదాని’ ప్రస్తావన తెచ్చి, అది దేవుడి ఊపిరి కావచ్చు, మృత్యువు కావచ్చునని వివరణ ఇస్తుంది.

దేవుణ్ని తెచ్చిన వివరణలన్నీ మూఢత్వమనీ, తేనివన్నీ విజ్ఞానమనీ తేల్చేయడం తొందరపాటు. పేగుల్లోని కుళ్లు నాళాల వెంట ఒళ్లంతా పాకి జబ్బు చేస్తుందని ఈజిప్టు వైద్యులు నమ్మారు. అందులో దయ్యం లేదు, దేవత లేదు. అయినా జబ్బులన్నిటికీ మూలం అది కాదు. ఆ నమ్మకానికి తగ్గట్టే, ఈజిప్షియన్లు నెలనెలా మూడు రోజులు వరసగా కడుపు శుభ్రం చేసుకుంటారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. మరి కంటికి కనబడనిదేదో బయటి నుంచి ఒంట్లోకి దూరుతుందన్న భయం? 1910లో వైద్యుడు మార్క్ ఆర్మండ్ రఫర్ మూడు వేల ఏళ్ల నాటి మమ్మీల మూత్రపిండాల్లో బిల్‌హార్జియా పురుగు గుడ్లు కనిపెట్టాడు. నీళ్లలో దిగినవాడి చర్మం గుండా ఆ పరాన్నజీవి లోపలికి చొరబడుతుంది. దూరేది నిజంగానే ఉంది. దాన్ని చూసే సాధనం వాళ్లకు లేదు.

అందుకే వాళ్లను వెక్కిరించడం నాకు నచ్చదు. క్రీ.పూ. 1550 నాటి మరో వైద్య గ్రంథం ఎబర్స్ పపైరస్, వైద్యుడు గానీ సెఖ్మెత్ పూజారి గానీ రక్షలు కట్టేవాడు గానీ రోగి ఒంటి మీద చెయ్యి వేస్తే తెలిసేది గుండె సంగతేనంటుంది. ముగ్గురూ నాడి చూసినవాళ్లే. ఆ గ్రంథం మంత్రాలతోనే మొదలవుతుంది, కానీ అవి మందు పెట్టేటప్పుడు, కట్టు విప్పేటప్పుడు, కషాయం తాగేటప్పుడు చదవాల్సినవి. గాయానికి తేనె రాయడం ఏ మంత్రమూ మాన్పించలేదు. తేనెలో సూక్ష్మజీవులు పెరగవని మనకిప్పుడు తెలుసు.

మంత్రాన్ని మందుకు తోడుగా ఉంచుకున్నవాళ్లు వాళ్లు. సూక్ష్మదర్శిని చేతికొచ్చాక కూడా మందు మాన్పించి రక్షరేకు కట్టేవాళ్లు ప్రాచీనుల పేరు చెప్పుకోవడం అన్యాయం. అది రోగికీ అన్యాయమే, ఆ ప్రాచీనులకూ అన్యాయమే.