పైరు కాపుదలకు తుపాకి లైసెన్సు

వేరుసెనగ ఊడలు దిగి కాయ పట్టు దినములలో అడవిపందుల మంద ఒక్క రాత్రి చేనిలో పడినచో, నాలుగు నెలల కష్టము తెల్లవారుసరికి పెళ్లగించిన మన్నుగా మిగులుట మన సభ్యులలో పలువురు కన్నులార చూచినదే. మంచెపై కూర్చుండి డబ్బాలు వాయించుట, నెగళ్లు వేయుట, ముండ్లకంప నాటుట, పాత చీరలు కట్టుట మొదలగు ఉపాయములు కొన్నాళ్లు పనిచేయును. పిదప పందులు వానికి అలవాటుపడును. సంఘమునకు కట్టవలసిన పంట ఋణపు గడువు మాత్రము ఎవరికొరకును ఆగదు. కావున తమకు తుపాకి లైసెన్సు ఎట్లు దొరకునని సభ్యులు అడుగుట న్యాయమే.

ఐతే అడుగువారు రెండు తెగలుగా నున్నారు. కొందరు చేని కాపుదలకు తుపాకి కోరుచున్నారు. మరికొందరు మొలలో దాచుకొని తిరుగుటకు పిస్తోలు కోరుచున్నారు. ఈ రెండు కోరికలును ఒక్కటి కావు. చట్టమును వానిని ఒక్కటిగా చూడలేదు. చేనికి తుపాకి అడుగుట రైతు హక్కనియు, ఆ హక్కును ఊరివారందరు ఎరుగునట్లు అడిగి, ఊరి మేలునకే వాడవలెననియు మా నిశ్చితాభిప్రాయము.

1878 వ సంవత్సరపు ఆయుధ చట్టము ద్వారా ఆంగ్ల ప్రభుత్వము లైసెన్సు లేనిదే ఆయుధము ఉంచుకొనరాదని శాసించి ఈ దేశ ప్రజలను నిరాయుధులను చేసెను. 1930 లో గాంధిమహాత్ముడు ప్రభుత్వము ముందుంచిన పదునొకండు కోరికలలో, ప్రజల అదుపునకు లోబడి ఆత్మరక్షణకై తుపాకి లైసెన్సులు ఇయ్యవలెననునదియు నొకటి. అహింసావ్రతుడు ఇట్లు కోరుట వింత కాదు. అధికారికి దయ కలిగిననే దొరకునది హక్కు కాదని ఆయన యెరుగును. ఆ కోరికలోని "ప్రజల అదుపు" అను మాటను మనమును మరువరాదు.

స్వతంత్ర భారతము 1959 లో చేసిన ఆయుధ చట్టము పాతదాని స్థానమున వచ్చెను. దాని 13 వ సెక్షను రైతునకు ముఖ్యము. నిజముగ పైరు కాపుదలకే మూతినుండి మందు కూరు తుపాకిని కోరు పౌరునికి, నిరాకరించుటకు చట్టము చెప్పిన కారణము లేనియెడల, అధికారి లైసెన్సు ఇయ్యవలయును. అట్టి తుపాకి చాలదని అధికారికి తోచినచో, గొట్టము లోపల నునుపుగా నుండు వేరు తుపాకికిని ఇయ్యవచ్చును. పిస్తోలు సంగతి అట్లు కాదు. దానికి తగిన కారణము కలదని అర్జీదారుడు అధికారిని ఒప్పింపవలెను. పొరుగువానితో గట్టు తగాదా యుండుటయు, పదిమందిలో గొప్పగా కనబడవలెననుటయు తగిన కారణములని మేము తలపము. పందిని బెదరించుటకు పిస్తోలు పనికిరాదు. మనుష్యుని బెదరించుటకే పనికివచ్చును.

ఇక అర్జీ విషయము. ఇరువదియొక యేండ్లు నిండని వారికి లైసెన్సు ఇయ్యరు. 2016 నిబంధనలలోని ఎ-1 నమూనాలో అర్జీ నింపి, గ్రామములవారు జిల్లా మేజిస్ట్రేటుకు, అనగా కలెక్టరునకు, పంపవలెను. సమీప పోలీసు స్టేషను అధికారి విచారించి నివేదిక పంపును. గడువులోపల నివేదిక రానియెడల, దానికై ఇంకను వేచియుండక ఉత్తరువు చేయు అధికారము కలెక్టరునకు కలదు. ఆస్తి చాలదను ఒక్క కారణముచేత అర్జీని త్రోసివేయరాదని 14 వ సెక్షను స్పష్టముగ చెప్పుచున్నది. రెండెకరముల రైతు వెనుదీయ నక్కరలేదు. నిరాకరించినచో కారణములు వ్రాతమూలముగ నమోదు చేయవలెను. ప్రజాహితమునకు భంగము కలుగని యెడల, అడిగిన అర్జీదారునికి వానిని తెలుపవలెను. పై అధికారికి అప్పీలును కలదు. 2019 సవరణ పిదప లైసెన్సు అయిదేండ్లు చెల్లుచున్నది.

ఇచ్చట పలువురు పొరబడుచున్న విషయ మొకటి కలదు. లైసెన్సు తుపాకిని ఉంచుకొనుటకే గాని పందిని చంపుటకు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2022 లో చేసిన సవరణ 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము అడవిపంది రెండవ షెడ్యూలులో నున్నది. పైరునకు హాని చేయుచున్నదని నిర్ణయించి, అటవీశాఖలో అధికారము గలవారు 11 వ సెక్షను క్రింద కారణములతో వ్రాతపూర్వకముగ అనుమతించిననే దానిని కాల్చవలెను. అట్లు చంపిన జంతువు ప్రభుత్వపు సొత్తు. మాంసము పంచుకొనుట నేరము. కాగితములు రెండు కావలెను: ఒకటి కలెక్టరుది, రెండవది అటవీశాఖది.

ఈ తిరుగుడుకంటె నాటు తుపాకియే మేలనువారు కలరు. లైసెన్సు లేని తుపాకికి 2019 సవరణ పిదప శిక్ష రెండేండ్లకు తక్కువ లేక అయిదేండ్లవరకు నున్నది. పొలము చుట్టు కరెంటు తీగ పరచుట అంతకంటె ఘోరము. ఆ తీగకు పంది యనియు మనుష్యుడనియు భేదము లేదు. నీరు పెట్టుటకు చీకటిలో వచ్చు పొరుగు రైతో, మేతకు వచ్చిన ఎద్దో, తీగ పరచినవాని కన్నకొడుకో దానికి బలియగును. ఒక పంట పోయినచో మరు పంట పండించుకొనవచ్చును. పోయిన ప్రాణము మరల రాదు.

అట్లని ఇంటింట తుపాకి యుండవలెనని మేము చెప్పము. కోపము, కల్లు, గట్టు తగాదా ఉన్న యింట తుపాకియు నున్నచో ఏమగునో ఊహింపవచ్చును. పెండ్లిలో సంబరమునకు తుపాకి కాల్చి ఇతరుల ప్రాణమునకు ముప్పు తెచ్చువారికి రెండేండ్లవరకు శిక్ష విధించునట్లు 2019 లో చట్టము చేయవలసి వచ్చుటయే ఈ భయము వట్టిది కాదనుటకు సాక్ష్యము. కేరళ ప్రభుత్వము 2022 లో అడవిపందుల విషయమున ఉత్తరువు లిచ్చు అధికారమును స్థానిక సంస్థల అధ్యక్షుల కప్పగించి, లైసెన్సు తుపాకి గలవారిచేతనే ఆ పని చేయించుట కేర్పాటు చేసెను. విషము, మందుపాతర, కరెంటు తీగ కూడవని నిషేధించెను. ఊరి పెద్దకు బాధ్యత, నేర్పరికి తుపాకి అను ఈ పద్ధతి మాకు నచ్చినది.

కావున మా సూచన యిది. ప్రతి గ్రామమున సభ్యులు సమావేశమై, త్రాగుడు లేని, తగాదాలు లేని, చూపు చెదరని రైతులను ఇద్దరు ముగ్గురిని ఎన్నుకొనవలెను. వారి అర్జీలు నింపుటలో సంఘ కార్యదర్శి తోడ్పడవలెను. పైరు నష్టము జరిగిన నాడే సర్వే నంబరు, విస్తీర్ణము, పోయిన పంట వివరము వ్రాసి, ఇరుగుపొరుగు రైతుల చేవ్రాళ్లు తీసికొని ఉంచవలెను. పోలీసు విచారణకును అటవీశాఖ అనుమతికిని అదియే ఆధారము. తుపాకి భద్రముగ వాడు శిక్షణ పొందని వారిని పంపరాదు. పని లేని దినములలో తుపాకి తాళము వేసిన పెట్టెలో నుండవలెను.

అప్పు ఒక్కనికి దొరకనప్పుడు పదుగురము కలిసి హామీపడి తెచ్చుకొంటిమి. పైరు కాపుదలయు నట్టిదే. ఒకడు దాచుకొన్న ఆయుధము ఊరికి భయము; ఊరు ఎరిగి ఒకనికి అప్పగించిన ఆయుధము ఊరికి కాపు. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ విషయమును చర్చించి తీర్మానము చేయుదురుగాక.