అనుమతి లేదని యంత్రం అన్నప్పుడు

ప్రోగ్రాములను క్లౌడ్‌లోనికి తనంతట తాను చేరవేసే పైప్‌లైన్ నడుమ నిలిచిపోయి ‘యాక్సెస్ డినైడ్’ అనగానే, దానికి సర్వాధికారాలూ ఇచ్చివేయుట ఆనవాయితీ అవుతున్నది. పని జరుగును, తాళంచెవుల గుత్తి మాత్రం గుమ్మానికే వ్రేలాడుచుండును.

యంత్రం ఆ క్షణాన ఎవరి పేరున పనిచేయుచున్నదన్నది మేము మొదట అడిగే ప్రశ్న. అమెజాన్ క్లౌడ్‌లో ‘గెట్ కాలర్ ఐడెంటిటీ’ అనే ఆదేశం ఈ సంగతి చెప్పును. దానికి ప్రత్యేక అనుమతి అక్కరలేదు. మన బల్లపై సజావుగా నడిచిన స్క్రిప్టు పైప్‌లైన్‌లో ఆగిపోవుటకు తరచు కారణమిదే: ఇక్కడ మన పేరు, అక్కడ వేరొక రోల్.

ఇంకొక తిరకాసు కలదు. ఎస్3 నిల్వలో అసలు లేని ఫైలును అడిగినప్పుడు, ‘లిస్ట్ బకెట్’ అనుమతి ఉన్నవారికి 404 అని, లేనివారికి 403 అని జవాబు వచ్చును. ఏ ఫైలు ఉన్నదో, ఏది లేదో పరాయివారికి తెలియరాదని ఈ ఏర్పాటు. ఇట్టిచోట సర్వాధికారాలు ఇచ్చినను 403 పోయి 404 వచ్చును, అంతే! పాలసీ తిరగవ్రాయుటకు ముందు ఫైలు పేరు సరిచూడవలెను. ఇంగ్లీషు పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కూడ అక్కడ లెక్కే.

ఎక్కడైనా ‘డినై’ అని స్పష్టంగా వ్రాసి ఉన్నచో ఎన్ని ‘అలౌ’లు చేర్చినను ఫలితం శూన్యం. సంస్థ స్థాయిలో పెట్టిన నిషేధం ఖాతాలోని పాలసీలలో వెదకిన కానరాదు. నిర్వాహకులకు వ్రాయునప్పుడు దోషసందేశమును యథాతథంగా జతపరచగలరు.