బల్ల దగ్గర మెఫీబోషెతు

సౌలు, యోనాతాను యుద్ధంలో కూలారన్న వార్త రాగానే దాది అయిదేళ్ల మెఫీబోషెతును ఎత్తుకుని పరుగెత్తింది. ఆ తొందరలో పిల్లవాడు పడి రెండు కాళ్లూ కుంటివయ్యాయి. ఏళ్ల తర్వాత దావీదు పిలిపిస్తే, అతడు తనను చచ్చిన కుక్కతో పోల్చుకున్నాడు (2 సమూయేలు 9). దెబ్బ కాళ్లతో ఆగలేదని ఆ ఒక్క మాటతోనే తెలుస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 5 నుంచి 29 ఏళ్ల వారి మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలే. బతికి బయటపడ్డవారి సంగతి మనం అంతగా మాట్లాడుకోం. వెన్నుపాము దెబ్బతిన్న కుర్రవాడికి చదువు, ఉద్యోగం, పెళ్లిమాటలు, స్నేహితులు ఒక్కొక్కటిగా దూరమవుతాయి. ఇరవై ఏళ్లవాడు మూత్రానికి కూడా తల్లిని పిలవాల్సి వస్తే వాడి మనసు ఏమవుతుంది? అలాంటి మంచం పక్కన నిలబడి, విశ్వాసం చాలలేదనో, ఏదో పాపం దాచాడనో అనేస్తాం. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ అలాంటిదే. ప్రభువు ఒప్పుకోలేదు (యోహాను 9).

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో, ముప్పై నిండకముందే, కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడింది. డాక్టర్ పాల్ బ్రాండ్ ప్రోత్సాహంతో ఆమె చక్రాల కుర్చీలోంచే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. న్యూయార్క్‌లో పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి వెల్లూరులో ఆ విభాగాన్ని నడిపారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. గొప్ప సాక్ష్యమే. అయితే దాన్ని చెప్పి, 'నువ్వూ అలా లేవరాదా' అని గాయపడినవాణ్ణి నిలదీయడం మాకు న్యాయంగా తోచదు. ఆమె వెనుక ఒక ఆసుపత్రి, ఒక గురువు నిలబడ్డారు. మన వీధిలోని కుర్రవాడి వెనుక ఎవరున్నారు?

మొదటి నెల సంఘమంతా పండ్లు పట్టుకుని వెళ్తుంది. ఆరో నెలకు కాపరి ఒక్కరే మిగులుతారు, ఆయనకూ తీరిక దొరికితేనే. మందిరానికి పాలరాయి వేయించుకున్నాం, చక్రాల కుర్చీ ఎక్కే ర్యాంపు మాత్రం ఎవరికీ గుర్తురాలేదు.

దావీదు కానుక పంపి ఊరుకోలేదు. సౌలు భూమి తిరిగి ఇప్పించాడు. దాన్ని దున్నడానికి సీబాను, అతని కొడుకులను పెట్టాడు. మెఫీబోషెతును రోజూ తన బల్ల దగ్గరే కూర్చోబెట్టుకున్నాడు. కాళ్లు మాత్రం బాగుపడలేదు. అధ్యాయం చివర ఆ సంగతి మళ్లీ రాసి ఉంది.