పెళ్ళిచూపులకే పప్పన్నమా?

నోట్‌బుక్‌లో 95 శాతం ఆక్యురసీ వచ్చిందనగానే మన మేనేజర్లు ప్రాజెక్టు అయిపోయిందని కేకు కోసేస్తారు. పెళ్ళిచూపులకే పప్పన్నం పెట్టేసినట్టు!

నెట్‌ఫ్లిక్స్ సంగతే చూడండి. రేటింగుల అంచనాని 10 శాతం మెరుగుపరిచిన జట్టుకి 2009లో పది లక్షల డాలర్లిచ్చింది. తీరా ఆ గెలిచిన మోడల్‌ని వాడనేలేదు. పెరిగిన కచ్చితత్వం ప్రొడక్షన్‌లో పెట్టే చాకిరీకి గిట్టుబాటు కాదని 2012లో వాళ్ళే చెప్పారు. 2015లో గూగుల్ ఇంజనీర్ల పేపరూ అదే అంది: సిస్టం మొత్తంలో ఎం.ఎల్. కోడు చిన్న ముక్కే, మిగతాదంతా డేటా సేకరణ, సర్వింగ్, మానిటరింగ్ వగైరా.

మరి మన దగ్గర? రీసెర్చ్ వాళ్ళు మోడల్ ఫైలు పడేసి చేతులు దులిపేసుకుంటారు. రాత్రి రెండింటికి ఫోను మోగేది మాత్రం దాని మొహం కూడా చూడని సపోర్టు కుర్రాడికి. ఇదేం న్యాయమండీ?

టీం లీడుగా నా రూలొకటే: మోడల్ చేసినవాళ్ళే మొదటి మూడు నెలలు ఆన్‌కాల్ ఉండాలి. రీసెర్చర్ల టైము వేస్టంటారా? రెండు రాత్రులు నిద్ర చెడితే, అక్కర్లేని ఫీచర్లు వాళ్ళే పీకేస్తారు. మానిటరింగ్ వాళ్ళే అడిగి మరీ పెట్టించుకుంటారు.

"ప్రొడక్షన్ నా పని కాదు" అనేవాళ్ళకి నా టీంలో చోటు లేదు. తిట్టుకుంటే తిట్టుకోండి.