తిమింగిలముల జాడ

ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రమున, అమెరికా, కెనడా దేశముల తూర్పుతీరము వెంబడి 'రైటు తిమింగిలము' అను మహాజంతువు సంచరించుచుండును. దాని పొడవు సుమారు యాబది అడుగులు. ఇంగ్లీషు భాషలో 'రైటు' అనగా తగినది. అది మెల్లగా ఈదును. చచ్చినపిదప మునుగక నీటిపై తేలును. కావున వేటకు తగినదని పూర్వపు వేటగాండ్రు దానికాపేరు పెట్టిరందురు. చంపదగినదని పేరుపడిన ప్రాణి బ్రదికి బట్టకట్టుట కష్టమే! 1935వ సంవత్సరమున అంతర్జాతీయ ఒప్పందముచే దాని వేట నిషేధింపబడినను, నేడవి నాలుగువందలకు లోపుగనే యున్నవి.

నేడు వానిని చంపుచున్నది బల్లెము కాదు. ఓడల తాకిడియు, పీతలు పట్టు బోనులకు కట్టిన త్రాళ్లును వానికి మృత్యుపాశములైనవి. ఓడ నడపువానికి తిమింగిలముపై పగ లేదు. అది యచ్చట నున్నదని అతడెరుగడు, అంతియే. కనుక దాని జాడ కనుగొని చెప్పుటయే రక్షణకు మొదటి మెట్టు.

ఈ జంతువునకు వీపున రెక్క లేదు. పరికరము బిగించుటకు చోటు చిక్కదు. శరీరమున గ్రుచ్చినచో గాయమగును. అయినను ప్రకృతియే ఒక గురుతు నొసగినది. ప్రతి తిమింగిలము తలమీదను కాయ కాచినట్టి గరుకు మచ్చలుండును. ఒకదాని మచ్చలవలె మరియొకదాని మచ్చలుండవు. ఆ ఛాయాచిత్రములను కూర్చి, బోస్టను నగరమందలి న్యూ ఇంగ్లండు అక్వేరియమువారు బడిలోని హాజరుపట్టీవంటి పట్టికను నడుపుచున్నారు. విమానములనుండి వెదకుటయు, నీటిలో నుంచిన శబ్దగ్రాహకములచే కూతలు వినుటయు కూడ కలదు.

ఈ శ్రమ వ్యర్థము కాలేదు. ఫండీ అఖాతమున తిమింగిలములు గుమిగూడు చోటనే ఓడలదారి యుండెను. ఏండ్లతరబడి కూర్చిన లెక్కలనుబట్టి 2003లో ఆ దారిని ప్రక్కకు జరిపిరి. 2008లో అమెరికావారు కొన్ని తావులందు, కొన్ని ఋతువులందు, 65 అడుగులును అంతకు మించిన పొడవును గల ఓడలు గంటకు 10 నాటికల్ మైళ్లకు మించి పోరాదని శాసించిరి.

అంతటితో పని ముగిసెనని తలచుటయే పొరపాటు. 2010 తరువాత ఆ ప్రాంతపు నీరు వెచ్చబడెను. తిమింగిలముల కాహారమైన, వరిగింజంతటి రొయ్యజాతి పురుగులు అచ్చట తగ్గిపోయెను. ఆకలిగొన్న తిమింగిలములు ఉత్తరమునగల సెయింటు లారెన్సు సింధుశాఖకు తరలిపోయినవి. దారి మార్చిన చోట అవి లేవు. అవి యున్న చోట కట్టుబాటు లేదు. 2017వ సంవత్సరమొక్కదానియందే కెనడా జలములలో 12, అమెరికా జలములలో 5 కళేబరములు కానవచ్చెను.

ఓడలు మెల్లగా నడచిన వర్తకులకు నష్టమే. పీతలు పట్టు జాలరికి ఆ కొద్దినెలలే ఏడాది కూడు. సముద్రమంతయు మూసివేయుడనుట వారియెడ న్యాయము కాదు. అందులకే జాడ కచ్చితముగా తెలియవలెను. ఇప్పుడు కెనడావారు తిమింగిలము కనబడినను, దాని కూత వినబడినను, ఆ భాగమును మాత్రమే 15 దినములు మూసి, తక్కినదానిని జాలరులకు విడుచుచున్నారు. విమానములకు వ్యయమగుననుట నిజమే గాని, ఆ వ్యయమే జాలరి కూడునుగూడ కాపాడుచున్నది.

2018లో కెనడా జలములలో ఒక్క కళేబరమైనను కానరాలేదు. ఒక్కయేటి ఫలము చూచి, ఇక కావలి చాలుననువారు మరుసటియేటి లెక్కను గూడ చూడవలెను. 2019లో ఆ జలములలోనే మరల తొమ్మిది కానవచ్చెను.