జానకు పదేళ్లు

రేపల్లెలో రెండో తరగతి చదివే పిల్లాడు తన జిల్లా కంటే పెద్దవాడు. బాపట్ల జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అప్పటికే వాడు వాకిట్లో పరుగులు పెడుతున్నాడు. వాళ్ల అమ్మమ్మ పెళ్లి శుభలేఖ మీద గుంటూరు జిల్లా అనే ఉంటుంది. ఏది ముందో ఏది వెనకో నేర్పడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు కనిపించదు. మనమేమో తేదీలు వల్లె వేయిస్తాం. ఏడేళ్ల పిల్లకు 1942 అయినా 1977 అయినా నాలుగంకెలే.

మన పెద్దలకు అంకెలతో పనిలేదు. "ఉప్పెన నాటికి వీడు చంకబిడ్డ" అంటే చాలు, ఇంటిల్లిపాదికీ లెక్క తెలిసిపోయేది. 1977 నవంబరు 19 నాటి ఆ ఉప్పెన ఈ తీరంలో కాలానికే గట్టు.

ఈమధ్య తెనాలి దగ్గర ఒక బడిలో పురికొస కట్టాం. ఈ రోజు నుంచి వెనక్కి, పదేళ్లకు ఒక జాన. పిల్లలు చీటీలు రాసి బట్టల క్లిప్పులతో తగిలించారు. ఉప్పెన అయిదు జానల దగ్గర కుదిరింది. ఒక బాబు భట్టిప్రోలు బౌద్ధ స్తూపం చీటీని తెచ్చి దాని పక్కనే పెట్టాడు. ఎందుకురా అంటే, "పడిపోయింది కదండీ, తుపానుకే పడుంటుంది" అన్నాడు. ఆ మాటను తప్పు అనబుద్ధి కాలేదు. కారణం వెతికాడు, దూరమే తెలియదు. ఆ స్తూపానికి రెండు వేల ఏళ్లు పైబడ్డాయి. అంటే రెండు వందల జానలు, నూరు మూరలు! పురికొస గది దాటింది, వరండా దాటింది, బోరింగు దాటి గేటు బయటికి పోయింది. వాడు చీటీ పట్టుకుని అంత దూరమూ నడిచాడు. ఆ నడక ఏ పుస్తకమూ నేర్పదు.

బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన 1913కీ, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన 1953కీ మధ్య నాలుగు జానలు. పిల్లలు వేళ్లు చాచి కొలిచి, "రాష్ట్రం కోసం ఇన్నాళ్లు అడిగారా!" అన్నారు.

చివరికి 1942 ఆగస్టు 12, క్విట్ ఇండియా రోజుల్లో ఏడుగురు బలైన తెనాలి కాల్పులు. వాళ్ల స్మారకమున్న రణరంగ చౌక్ మీదుగా రోజూ బడికొచ్చే పాప ఆ చీటీ పెట్టింది. పక్కన 1947 చీటీ చూసి, మధ్య ఖాళీని వేలితో తడిమింది. "ఆ ఏడుగురూ జెండా పండగ చూశారా?"

లేదమ్మా. అర జాన ముందే పోయారు.