పత్రికాకొలువునకు ఉమేదువారులు

పట్టపరీక్షల ఫలితములు వెలువడినంతనే పత్రికాకార్యాలయముల గడప త్రొక్కు యువతీయువకులను జూచి మేము సంతసించుచున్నాము. కాని వారిలో పెక్కురు మొదట వేయు ప్రశ్న, "దరఖాస్తు ఎట్లు వ్రాయవలెను?" అనునది. వ్రాతనే వృత్తిగా గైకొనదలచినవారు తమ దరఖాస్తును పరులచే వ్రాయించుకొనుటకంటె వింత యేమున్నది? నేడు కంప్యూటరు నడిగిన క్షణములో దరఖాస్తు సిద్ధమగుచున్నది. పది దరఖాస్తులు చూచిన పదింటను ఒకే వినయము, ఒకే ఉత్సాహము. వ్రాసిన మనిషి మాత్రము కానరాడు.

అట్టివారిని తమ పట్టణమును గూర్చి యడిగిచూడుడు. పురపాలక సంఘమున వార్డులెన్ని? ఇంటిపన్నువలన వచ్చు ఆదాయమెంత? కుళాయిలు ఏ వీధిలో, ఏల యెండుచున్నవి? మార్కెట్టు యార్డులో రైతు తూకమునకై ఎంతసేపు కాచుకొనుచున్నాడు? బదులు రాదు. ప్రపంచ రాజకీయములు మాత్రము ధారాళముగా చెప్పుదురు. ఇది పాండిత్యము కావచ్చును; పత్రికారచనకు సన్నాహము కాదు.

సన్నాహమన నెట్టిదో సురవరము ప్రతాపరెడ్డిగారు చూపిరి. తెలంగాణమున కవులు లేరన్న ఆక్షేపణ వినవచ్చినప్పుడు వారు కోపవాక్యములతో సరిపెట్టలేదు. రచనలు సేకరించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఆక్షేపణకు ఆధారమే సమాధానమయ్యెను.

కావున ఉమేదువారులకు మా మాట యిది. దరఖాస్తు వ్రాయుటకు ముందు మూడు నెలలు మీ యూరిని చదువుడు. పురపాలక సంఘపు బడ్జెటు ప్రతిని సంపాదించి పంక్తి పంక్తియు పరిశీలింపుడు. ఇయ్యమన్నచో 2005 నాటి సమాచారహక్కు చట్టమున్నది; 30 దినములలో బదులీయవలసిన విధి అధికారిపై నున్నది. తెలిసినదానిని ఇద్దరు ముగ్గురి నడిగి సరిచూచి, మీ మాటలతో వ్రాయుడు. ఎవరిని తప్పుపట్టితిరో వారి సమాధానమును గూడ చేర్చుడు. అట్టి వార్తలు అయిదు చేతనున్నచో సిఫారసు జాబులతో పనిలేదు.

ఇక యజమానులతో నొక మాట. విలేఖరి పనికని పిలిచి, "నెలకెన్ని ప్రకటనలు తేగలవు?" అని యడుగువారు మనలో నున్నారు. జీతము లేదు, ప్రకటనలపై వాటా మాత్రము కలదు. గుర్తింపుకార్డు చేతికిచ్చి, నీ తిండి నీవే వెదకుకొమ్మనుట కాదా యిది? ఉదయమున ప్రకటనకై ఏ కాంట్రాక్టరు యెదుట చేయి చాచెనో, సాయంకాలము వాని రోడ్డుమీది గుంతలను గూర్చి ఆ విలేఖరి యెట్లు వ్రాయగలడు? పత్రికారచయితల ఉద్యోగపు షరతులకై 1955లోనే పార్లమెంటు చట్టము చేసెను. మజీఠియా వేతనసంఘపు సిఫారసులను 2011లో కేంద్రప్రభుత్వము ప్రకటింపగా, 2014లో సుప్రీంకోర్టు సమర్థించెను. అయినను పెక్కుచోట్ల పల్లె విలేఖరి బ్రతుకు ప్రకటనల రసీదుపుస్తకమునకే కట్టువడి యున్నది.

ఇల్లు గడవనివారికి ఈ బేరము కాదనుటకు ధైర్యమెక్కడిదని కొందరందురు. నిజమే. అందుచేతనే నిందను వారిపై గాక బేరము పెట్టువారిపై మోపుచున్నాము. కాని చేత కాగితములు మాత్రమే యున్నవారు ఏ షరతునకైనను లొంగవలసివచ్చును. చేత నిజమైన వార్త యున్నవారు తలయెత్తి మాటాడగలరు. కావున కొలువున జేరుటకు ముందు ఉమేదువారులును ఒక ప్రశ్న యడుగవలయును: "మమ్ము వార్తలకు పిలిచితిరా, ప్రకటనలకా?" సూటిగా బదులీయలేని పత్రిక, రేపు తన పాఠకులకు మాత్రము నిజము చెప్పునా?